జములమ్మ ముడి

జితేందర్‌కు ఇల్లు కొనే స్తోమత ఉందని మొట్టమొదట కనిపెట్టింది రాజు. గద్వాల బస్టాండు పక్కన హోటల్లో రెండు చాయ్‌లు అయ్యేలోపు కనిపెట్టేశాడు. ముప్పై ఆరేళ్లుగా తనతోనే తాను కాపురం చేస్తున్నా జితేందర్‌కు మాత్రం ఆ సంగతి ఎన్నడూ తోచలేదు. రాజు చేసేది ఇళ్ల బేరాలు కుదిర్చే పని. ఎదుటివాడిలో లేని స్తోమతను చూడగలగడమే ఆ పనికి పెట్టుబడి.

"జీతం ఎంతన్నా?" అన్నాడు రాజు, సెల్‌ఫోన్‌లో లెక్కల పేజీ తెరిచి.

"ఇరవై ఆరు వేలు."

"వదినె మగ్గం వర్కు చేస్తది కదా?"

"జాకెట్ల మీద పూలు కుడతది. నెలకు ఏడెనిమిది వేలు వస్తయి."

"మరి నీ కమీషన్?"

జితేందర్ ఒక విత్తనాల వ్యాపారి దగ్గర సూపర్‌వైజరు. వడ్డేపల్లి వైపు సీడు పత్తి వేసిన చేలన్నీ మోటర్‌సైకిల్ మీద తిరిగి చూసుకోవడం అతని పని. పంట తీశాక గింజల్ని పరీక్షకు పంపుతారు. పరీక్షలో నెగ్గిన సంచులకే కమీషన్ వస్తుంది. పోయినేడు సగం సంచులు తప్పాయి, కమీషనూ సగమైంది. ఈ సగం ముచ్చట జితేందర్ చెప్పలేదు. అడగని సంగతులు చెప్పడం పెద్దమనిషి తరహా కాదని అతని నమ్మకం.

"ఏడాదికి లక్షన్నర వేసుకో," అన్నాడు.

రాజు వేసుకున్నాడు. ఫోన్ తిప్పి చూపించాడు. "ఇరవై నాలుగు లక్షల లోను వస్తదన్నా నీకు. నీ అసుంటోళ్లను బ్యాంకోళ్లు పిలిచి మరీ ఇస్తరు."

ఎర్రవల్లి రోడ్డులో కొత్త వెంచరు. తూర్పు వాకిలి, రెండు పడకగదులు, దేవుడికి ఒక అర గది. ముప్పై ఎనిమిది లక్షలు. మర్నాడే జితేందర్ బ్యాంకుకు వెళ్లాడు. అక్కడ టై కట్టుకున్న అమ్మాయి కాగితాలు తిరగేసి "మీరు ఎలిజిబుల్ సార్" అంది. ఆ మాటను అతను కలెక్టరు చేతి మీదుగా శాలువా కప్పించుకున్నట్టు అందుకున్నాడు. అప్పు ఇస్తామన్నారంటే తాను తీర్చగలనని తేల్చినట్టే అనుకున్నాడు. గడ్డి చూపించి పిలిచేవాణ్ని చూస్తే మేక కూడా ఇలాగే మురుస్తుంది.

ఇక మిగిలింది పద్నాలుగు లక్షలు. దానికి అత్త ఉండనే ఉంది.

అత్త అంటే జములమ్మ, భార్య జయశ్రీ తల్లి. జితేందర్‌కు స్వయానా మేనత్త కూడా. చిన్నప్పుడు చంకనెత్తుకుని తిప్పిన మనిషి కాబట్టి అల్లుడన్న మర్యాదలేవీ పెట్టుకోదు. మొగుడు పోయి పన్నెండేళ్లు. పెబ్బేరు పశువుల సంతలో పలుపులు, ముకుతాళ్లు, మెడగంటలు అమ్ముతుంది. శ్రీరంగాపూర్ దారిలో ముప్పై గుంటల చేను ఉంది. ఏటా అందులో పల్లి వేస్తుంది. ఆమెకు ఉన్నది ఆ దుకాణమూ ఆ చేనూ అంతే. ఆ చేను అమ్మితే సరిగ్గా పద్నాలుగు లక్షలు వస్తుందని రాజు కనుక్కుని మరీ చెప్పాడు. కష్టపడే మనిషి, ఆ మాట కాదనలేం.

సంత నాడు జితేందర్ పెబ్బేరు వెళ్లి అత్త దుకాణం ముందు గోనెసంచి మీద కూర్చున్నాడు. ఇల్లు ఎంత గొప్పదో అరగంట చెప్పాడు. జములమ్మ ఆ అరగంటలో నాలుగు పలుపులు అమ్మింది.

"అంటే నా చేను అమ్మాలె," అంది చివరికి.

"అమ్ముడు కాదత్తా. ఊర్ల ఉన్న చేను పట్నంల ఇల్లయితది. నువ్వు గూడ మాతోనే ఉండొచ్చు."

"నెలకు కిస్తు ఎంత?"

"ఇరవై ఒక్క వెయ్యి. ఇరవై ఏండ్లు."

"కడ్తవా?"

"నేను కడ్తనని బ్యాంకోళ్లే చెప్పిండ్రు."

జములమ్మ ఎదురుగా చేయి చూపించింది. అక్కడ ఒక ఖాళీ బండి చక్రాలను తాడుతో కదలకుండా బిగించి, ఎద్దుల జతను కట్టి లాగిస్తున్నారు. కొనేవాడు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎద్దులు ముందుకాళ్లు మడిచి, మెడలు సాచి, చక్రాలు తిరగని ఆ బండిని మట్టిలో ఈడ్చుకుపోతున్నాయి.

"ఎద్దును కొనేటోడు పండ్లు చూస్తడు, సుడులు చూస్తడు. ఆఖరుకు గట్ల లాగిస్తడు. లాగితే పైసలిస్తడు, లేకుంటే తోలుకపొమ్మంటడు. నువ్వు ఇరవై ఏండ్లు లాగుతనంటున్నవ్. ఒక్క ఆర్నెల్లు లాగి చూపియ్యరాదు?"

"నేనేమన్న ఎద్దునా అత్తా?"

"ఎద్దుకైతే నాలుగు పండ్లు చూస్తే అన్నీ తెలుస్తయి. నీకు ముప్పై రెండు చూసినా ఏం తెలుస్తలేదు."

పక్క దుకాణంలో గంటలు అమ్మేవాడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. జములమ్మ లెక్క చెప్పేసింది. ఇల్లు కొంటే ఆరు వేల కిరాయి తప్పుతుంది కాబట్టి అది తీసేయొచ్చు. మిగిలిన పదిహేను వేలు నెలనెలా సంతకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి. ఆర్నెల్లు పెడితే ఆ డబ్బు మొత్తం తిరిగి అతనికే ఇస్తుంది, చేను కూడా అమ్మి ఇస్తుంది. పెట్టలేకపోతే ఇంటి మాట ఎత్తకూడదు.

జితేందర్‌కు లోపల నవ్వొచ్చింది. తన డబ్బు తన దగ్గరికే వచ్చే పరీక్షలో తప్పేవాడు ఎవడుంటాడు?

జూన్ కిస్తు దర్జాగా కట్టాడు. జీతంలోంచి పది వేలు తీశాడు, జయశ్రీ తన కుట్టుపని డబ్బు ఐదు వేలు కలిపింది. ఐదు వందల నోట్లు ముప్పై. జములమ్మ వేలు తడుపుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టింది. మధ్యకు మడిచి, పురికొస ముక్కతో రెండు చుట్లు చుట్టి, మెలితిప్పి ముడివేసి, కొసను లోపలికి దోపింది. ముప్పై ఏళ్లుగా పశువుల తాళ్లు కట్టిన చేతులు. ఆ ముడిని ఎటు లాగినా బిగుస్తుందే తప్ప ఊడదు. ఆ ముడేమిటో, ఆ కట్ట ఎక్కడ దాస్తుందో జితేందర్ పట్టించుకోలేదు. గద్వాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే, హాలుకు ఏ రంగు వేయించాలా అని ఆలోచించాడు.

జులైలో వాళ్ల పాప స్కూలు ఫీజు వచ్చిపడింది. అది ప్రతి ఏడూ జులైలోనే వస్తుంది. అయినా జితేందర్ దాన్ని పిలవని చుట్టాన్ని చూసినట్టు చూసి పరేషాన్ అయ్యాడు. అతని చేతిలో మూడు వేలు తేలాయి. ఆషాఢం పోతే పెళ్లిళ్లని జయశ్రీకి ఒక పెళ్లికూతురి జాకెట్లు ఐదు వచ్చాయి. పగలంతా మగ్గం మీద వంగి కుట్టి, మెడ పట్టేసి, కళ్లలో చుక్కల మందు వేసుకుని పన్నెండు వేలు తెచ్చింది. కిస్తు నిండింది. సంతలో అత్త చేతిలో పెడుతూ "రెండోది" అన్నాడు జితేందర్, తానే ఐదు జాకెట్లు కుట్టినంత నీరసంగా.

ఇంతలో ఇల్లు అతని నెత్తికెక్కింది. ఇల్లు కొంటున్నానని ఆఫీసులో చెప్పాడు కాబట్టి దావత్ ఇవ్వాల్సి వచ్చింది. కొత్త హాలు గోడకు సరిపోయే పెద్ద టీవీ పండగ ఆఫరులో కనబడితే వాయిదాల మీద తెచ్చేశాడు. కిరాయి ఇంట్లో ఆ టీవీ ఏ గోడకూ పట్టలేదు. తలుపు సగం మూసేస్తూ బీరువాకు ఆనించి పెట్టారు. అందరూ పక్కకు తిరిగి గదిలోకి పోవడం నేర్చుకున్నారు. ఓనరుకు కూడా "డిసెంబరుల ఖాళీ చేస్తం సార్" అని చెప్పేశాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పాడు.

ఆగస్టు సంతకు జయశ్రీ ఇచ్చిన ఐదు వేలతో దిగాడు. తన వంతు పది వేలు లేవు. సంత చివర వెంకట్రాములుకు తవుడు, పల్లిచెక్క అమ్మే దుకాణం ఉంది. పశువులకు దాణా, మనుషులకు అప్పు, రెండూ అక్కడే దొరుకుతాయి. నూటికి మూడు రూపాయల వడ్డీ. జితేందర్ అక్కడ పది వేలు తీసుకున్నాడు.

"సేటూ, మా అత్తకు మాత్రం తెల్వొద్దు."

"నాకెందుకు బాబూ. నాకు అందరు ఒక్కటే," అన్నాడు వెంకట్రాములు. అతను అబద్ధం చెప్పలేదు.

ఆ పది వేలు జేబులో పెట్టుకుని నలభై అడుగులు నడిచి అత్త చేతిలో కిస్తు పెట్టాడు. ఇంకా కొనని ఇంటికి, ఎవరూ అడగని కిస్తు కట్టడానికి, నిజమైన వడ్డీకి అప్పు తెచ్చిన మనిషి పాలమూరు మొత్తంలో తానొక్కడేనని అతనికి తట్టలేదు. పైగా గండం గట్టెక్కానని గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. మార్చిలో కమీషన్ వస్తుంది, ముఖాన కొట్టేస్తే సరి.

సెప్టెంబరులో జయశ్రీ దగ్గర మూడు వేలే ఉన్నాయి. వెంకట్రాములు దగ్గర పన్నెండు వేలు పుట్టాయి. జయశ్రీ మాత్రం మిగతాదంతా మొగుడి జీతమే అనుకుంది. "ఎట్ల సర్దుతున్నవో గాని బావా, నిజంగ మెచ్చుకోవాలె," అంది ఒకరోజు అన్నం వడ్డిస్తూ. జితేందర్‌కు ముద్ద గొంతులో అడ్డుపడింది. సిగ్గుపడ్డాడు, నిజమే. నీళ్లు తాగేసరికి ముద్దతోపాటు అదీ దిగిపోయింది.

అక్టోబరులో ఆమె సంపాదన ఇంటి సరుకులకే సరిపోయింది. జీతంలో టీవీ వాయిదా పోయింది, పెట్రోలు పోయింది, వడ్డీ పోయింది. ఇంకొకటి కూడా పోయింది. గ్రానైటు రాతి పలక. నల్లటి నున్నటి రాయి మీద "జయ జితేందర్ నిలయం" అని లోతుగా చెక్కి బంగారు రంగు నింపారు. మూడు వేల ఎనిమిది వందలు. ఇంటి గోడ ఇంకా తనది కాలేదు గాని గోడకు పెట్టే పేరు మంచం కిందికి చేరింది.

కాబట్టి ఆ నెల వెంకట్రాములు దగ్గర పూర్తిగా పదిహేను వేలు అడగాల్సి వచ్చింది. వెంకట్రాములు గల్లాపెట్టె తెరిచి, పురికొసతో కట్టిన కట్ట ఒకటి తీసి ముందుకు తోశాడు. "సరిగ్గ పదిహేనే. లెక్కవెట్టుకో."

జితేందర్ విప్పబోయాడు. ముడి ఊడలేదు. అంచులు వేలితో మీటి లెక్క చూసుకుని అలాగే పట్టుకుపోయాడు.

జములమ్మ కట్ట అందుకుంది. అందుకున్న చేయి అలాగే ఆగిపోయింది. కట్టను వెల్లకిలా తిప్పి చూసింది, బోర్లా తిప్పి చూసింది.

"లెక్కవెట్టవా అత్తా?"

"అక్కర్లేదు. సరిగ్గనే ఉంటది."

జితేందర్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. నాలుగు నెలలు వేలు తడుపుకుని లెక్కపెట్టిన మనిషి ఇప్పుడు చూడకుండానే నమ్ముతోంది. పరపతి అంటే ఇదే.

"అల్లుడా," అంది జములమ్మ మెల్లగా, "కష్టమైతున్నదా? అయితే చెప్పు. సిగ్గేం లేదు. ఒక ఏడాది ఆగుదాం. చేను యాడికి పోదు, ఇండ్లు యాడికి పోవు."

అంత మెత్తగా ఆమె మాట్లాడటం అతను ఎన్నడూ వినలేదు. ఆ క్షణాన నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే మర్యాదగా ముగిసిపోయేది.

"కష్టమా? నాకా?" అని నవ్వాడు జితేందర్. "ఇంకొక్కటే ఉన్నది అత్తా. నువ్వు చేను కాయితాలు తీసి పెట్టుకో."

"పెట్టుకుంట," అంది.

నవంబరులో జితేందర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, జయశ్రీని తీసుకుని, రాజు కారులో పెబ్బేరు దిగాడు. రాజు దగ్గర ఇంటి ఒప్పందం కాగితం ఉంది. చేను కొనేవాడు సోమవారమే బయానా ఇస్తాడని కూడా కుదిర్చి పెట్టాడు. వాళ్లిద్దర్నీ దుకాణం దగ్గర వదిలి, జితేందర్ "ఇప్పుడే వస్త" అని తవుడు దుకాణం వైపు పోయి, ఐదు నిమిషాల్లో వచ్చాడు. అత్త చేతిలో ఆరో కట్ట పెట్టాడు.

"అయిపాయె. ఆర్నెల్లు, ఆరు కిస్తులు. ఇగ చెప్పు అత్తా, లాగిన్నా లేదా?"

జములమ్మ పక్కనే వేలాడుతున్న కొత్త ముకుతాడు ఒకటి తీసి అతని ఒళ్లో పడేసింది. "ఆ ముడి చూడు." తర్వాత కట్ట పడేసింది. "ఈ ముడి చూడు."

రెండూ ఒకటే. రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి.

"ఇది మా అమ్మ నాకు నేర్పిన ముడి. ఈ సంతల ఇంకెవ్వలికి రాదు. పోయిన నెల గూడ నా ముడే నాకు తెచ్చిచ్చినవ్. నువ్విచ్చిన పైసలు నేను వెంకట్రాములు దగ్గర రెండు రూపాయల వడ్డీకి వేసిన. నువ్వు పోయి అవే పైసలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నవ్. నీ పైసలే, నీకే అప్పు. కనీసం ముడి గూడ ఇప్పలేదు గదర!"

రాజు ఒప్పందం కాగితాన్ని సంచిలోకి మెల్లగా తోసేశాడు.

"ఎంత?" అంది జయశ్రీ.

జములమ్మే చెప్పింది. "యాభై రెండు వేలు. పోయిన నెలనే వెంకట్రాములును నిలదీసి అడిగిన. ఈ నెలవి కలిపితే గంత. తొంబై వేలు కట్టిండు నీ మొగడు. అందుల మీ సొంతానివి ముప్పై ఎనిమిది."

జయశ్రీ తల వంచుకుని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. తల ఎత్తినప్పుడు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అందుల నావి ఇరవై ఐదు," అంది. "జూన్‌ల ఐదు, జులైల పన్నెండు, తర్వాత ఐదు, మూడు. నా కండ్లు మండుతుంటే మందేసుకుంట కుట్టిన. ఇల్లొస్తదని కుట్టిన. నువ్వేమో నేను మెచ్చుకుంటుంటే వినుకుంట అన్నం తిన్నవ్ బావా."

జితేందర్ జీవితంలో మొదటిసారి ఒక లెక్క తానే నిజాయితీగా వేశాడు. ముప్పై ఎనిమిదిలోంచి ఇరవై ఐదు తీస్తే పదమూడు. ఆరు నెలలకు పదమూడు వేలు, అంటే నెలకు రెండు వేల చిల్లర. ఆ కిస్తుకు ఎర్రవల్లి రోడ్డులో ఇల్లు కాదు గదా, పెబ్బేరు సంతలో దూడను కట్టే గుంజ కూడా రాదు.

"మార్చిల కమీషన్..." అని మొదలుపెట్టాడు.

"బండి లాగింది నువ్వు గాదు," అంది జములమ్మ. "నీ పక్కకు కట్టిన నా బిడ్డ లాగింది. నువ్వు కాడి మీద మెడ పెట్టుకుని నిలవడ్డవ్. గిసుంటి జతను నా సంతల ఎవ్వడు కొనడు. నా చేను నేనమ్మను."

చేను మిగిలినందుకు తనలో కలిగిన ఊరట తనకే సిగ్గనిపించింది జములమ్మకు. కూతురికి ఇల్లు వస్తే ఆమెకు మాత్రం చేదా?

రాజుకు అదే క్షణాన ఎవరిదో ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ కారు వైపు నడిచాడు. మాట్లాడుతూనే కారు ఎక్కాడు. మాట్లాడుతూనే వెళ్లిపోయాడు.

జములమ్మ చివరి కట్ట పట్టుకుని వెంకట్రాములు దగ్గరికి పోయి లెక్క తెంపుకుని వచ్చింది. అప్పుకు అప్పు, వడ్డీకి వడ్డీ పోగా మిగిలినదాంట్లోంచి ఇరవై ఐదు వేలు కూతురి చేతిలో పెట్టింది. మిగతాది అల్లుడికి ఇవ్వకుండా తన బొడ్లోనే దోపుకుంది. "ఇవి నా దగ్గరనే ఉంటయి. ఇష్టముంటే నెలకు రెండు వేలు కలుపుకుంట పో. నీకు అచ్చొచ్చిన లెక్క గదే గదా."

గద్వాల బస్సులో మొగుడూ పెళ్లాల మధ్య ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీగా ఉంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతున్నప్పుడు జితేందర్ హాలు రంగు గురించి ఆలోచించలేదు.

ఇంటికి చేరేసరికి ఓనరు గేటు దగ్గరే ఉన్నాడు. ఖాళీ చేస్తారనుకుని ఎవరికో మాటిచ్చాడట. ఉండాలంటే ఇకనుంచి ఏడు వేలు. జితేందర్ ఏదో అనబోయేలోపు జయశ్రీ "సరే సార్" అనేసి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున అతను లేచేసరికి పెరట్లో నల్లా దగ్గర చప్పుడవుతోంది. జయశ్రీ మంచం కిందినుంచి గ్రానైటు పలకను ఈడ్చుకొచ్చి నల్లా కింద వేసింది. దాని మీద అతని ఇస్త్రీ చొక్కా పెట్టి సబ్బు రుద్దుతోంది.

"పేరున్న వైపు కిందికన్నా వెయ్యవే," అన్నాడు జితేందర్ గొంతు తగ్గించి. "ఓనరు చూస్తడు."

"కిందికి వేస్తే జారుతున్నది," అంది జయశ్రీ తల ఎత్తకుండా. "అక్షరాలు గరుకుగ ఉన్నయి. కాలరు మురికి మంచిగ వోతున్నది."